పాటిమన్నులో పాతకాలపు రైతు



మెదకును మెతుకుసీమ అని మన పెద్దలు చెప్పుకుంటారు. ఇక్కడి గుట్టమీద ఖిల్లా ఉన్నది. అందులో ధాన్యం దాచిన కొట్లున్నాయి. ఖిల్లాను ఏలినదెవరని అడిగితే చదువుకున్నవారు టకీమని చెబుతారు. ఆ కొట్లు నింపినదెవరని అడగండి, నీళ్లు నములుతారు. అట్లా పేరు లేకుండా పోయినవారిని గురించే ఇవాళ నాలుగు మాటలు. అయితే ఖిల్లాకన్నా వెయ్యేండ్లు వెనక్కి పోవాలి.

కొండాపురం విన్నారు గదా? 2016 లో సంగారెడ్డి జిల్లాకు పోయింది గాని, అంతవరకు మన మెదకు జిల్లాలోదే. ఊరి దగ్గర ఒక పెద్ద మట్టిదిబ్బ ఉన్నది, కోటగడ్డ అంటారు. 1941-42 లో హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖవారు తవ్విస్తే శాతవాహనుల నాటి పట్నం బయటపడింది. ఇటుక ఇండ్లు, రెండు వేలకు దగ్గరగా నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, ఇనుప సామాను దొరికినవి. రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెం కూడా అక్కడికి వచ్చి చేరిందంటే వ్యాపారం ఎంతదూరం సాగిందో చూడండి!

ఆనాటి సంఘంలో మెట్లుండేవి. శాసనాలు చదివిన పండితులు వరుస కట్టారు. పై మెట్టున మహారథులు, మహాభోజులు. తరువాత అమాత్యులు, షావుకార్లయిన శ్రేష్ఠులు. ఆ దిగువ లేఖకుడు, వైద్యుడు, హాలికుడు. ఇంకా దిగువ వడ్రంగి, కమ్మరి, పూలు కట్టేవాడు, చేపలు పట్టేవాడు. హాలికుడంటే నాగలి పట్టినవాడే. వైద్యుని సరసన రైతుకు పీట వేశారని సంతోషించవచ్చును. కాని శాసనంలోకి ఎక్కినవాడే గదా ఈ వరుసలో కనబడేది! కూలికి కలుపు తీసిన ఆడమనిషి ఏ రాతిమీద ఉన్నది? హాలుడు కూర్చినట్లు చెప్పే గాథాసప్తశతిలో మాత్రం హాలికుడు, అతని ఇల్లాలు, వరిచేలు, పత్తిచేలు ఉన్నాయి. రాజులకంటె పల్లెటూరివాళ్లే అందులో ఎక్కువ.

ఇంకొక సంగతి. నాసికులో నహపానుని అల్లుడు ఉషవదాతుని శాసనమొకటి ఉన్నది. సాలెవారి సంఘంలో రెండు వేల కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి, ఇంకొక సంఘంలో వెయ్యి ముప్పావు వడ్డీకి జమ కట్టినాడట. చేతిపనివారి సంఘాలే బ్యాంకు పని చేసేవన్నమాట. ఇక రైతు అప్పు ఏ వడ్డీకి తెచ్చుకున్నాడో!

ఇంచుమించు ఆ రోజుల్లోనే, సముద్రాలకు ఆవల మధ్య అమెరికాలో మాయా జాతివారు పెద్ద పెద్ద పట్నాలు కట్టారు. అక్కడా రాజు, పెద్దలు, చేతిపనివారు, రైతులు అనే మెట్లే. మన హాలికునికి ఎద్దులు, ఇనుము ఉండేవి. అక్కడి రైతుకు ఆ రెండూ లేవు. రాతి గొడ్డలితో అడవి కొట్టి, కాల్చి, కర్రతో పొడిచి మొక్కజొన్న వేసేవాడు. మనం ఇప్పుడు వేస్తున్న మొక్కజొన్న, కూరలో మిరపకాయ ఆ ఖండం నుంచి వచ్చినవే. మన హాలికుడు వాటి రుచి ఎరుగడు. పండితులు చాలాకాలం అక్కడి రాతిగుళ్లనే చూశారు. 1950 దశకంలో బెలీజు లోయలో రైతుల గుడిసెలుండిన చిన్న చిన్న దిబ్బలను వరుసగా లెక్కించి తవ్విన తరువాతనే సామాన్యుల బతుకు తెలియవచ్చింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, అటువంటి దిబ్బలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. పాటిదిబ్బ అంటాము. బూడిద, పేడ, ఎముకలు కలిసిన మన్ను, చేనుకు మంచి బలం. వెనకటినుంచి బండ్లకెత్తి తోలుతూనే ఉన్నాము. నేనూ తోలించినవాణ్ణే, దాచడమెందుకు? కాని ఏ శాసనంలోనూ లేని ఆ కలుపుకూలీ కుండపెంకు, చేతి గాజు ఆ మన్నులోనే ఉంటాయి. చేలో చల్లి దున్నితే మళ్లీ దొరకవు. బలానికి చెరువు ఒండ్రు ఉన్నది, పేడ ఎరువు ఉన్నది. ఎండకాలంలో చెరువు ఎండినప్పుడు ముందు ఒండ్రు చూసుకోండి. దిబ్బలో పెద్ద ఇటుక గాని, పూస గాని, నల్లని ఎర్రని పెంకులు గాని పారకు తగిలితే అక్కడితో పార ఆపి పురావస్తుశాఖకు కబురు పెట్టండి. నాణేలు, నగలవంటి నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉన్నది. అటువైపు పోయినప్పుడు కొండాపురం మ్యూజియంలో అడుగు పెట్టండి. పిల్లలను కూడా తీసుకొని పొండి.