అమ్మకు కంప్యూటర్ నేర్పేటప్పుడు మౌస్ ఎవరి చేతిల ఉండాలె?

ఇంట్ల ఏ యాప్ పనిచేయకున్నా అందరూ పిలిచేది మిమ్మల్నే కదా? ఈ ఎపిసోడ్ మీకోసమే. మన నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల పెద్దోళ్లకు కంప్యూటర్, ఫోన్ ఎట్ల నేర్పాలె?

ముందు ఒక లెక్క చూద్దాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం, నల్లగొండది 64 శాతం. అప్పటికే బడికి దూరమైనోళ్లు చాలామంది ఇయ్యాల మన ఇండ్లల్ల పెద్దలు. ఇప్పుడేమో భూమి రికార్డులు, సర్టిఫికెట్లు, బ్యాంకు పనులు అన్నీ స్క్రీన్ మీదికొచ్చినయి. రానోళ్లు ఎవరినో ఒకరిని అడగాలె. ఫోన్‌తో పాటు ఓటీపీ, పిన్ కూడా వాళ్ల చేతిల పెట్టాలె. అసలు ప్రమాదం అదీ.

కేంద్రం 2017ల పీఎంజీదిశ పథకం తెచ్చింది. పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ. వయసు 14 నుంచి 60 ఏండ్లు. 2024 మార్చితో అది ముగిసింది. 60 దాటిన అవ్వ, తాత అందుల లేనే లేరు. ఇగ వాళ్లకు నేర్పాల్సింది మనమే.

ఎట్ల నేర్పాలె?

ఒకటి, మౌస్ మీరు ముట్టుకోవద్దు. "ఇటియ్యి, నేను చేస్త" అన్నరంటే ఆ పాఠం అక్కడే ఆగినట్టు. పది నిమిషాలు పట్టినా వాళ్ల చెయ్యే కదలాలె.

రెండు, పేకాటతో మొదలుపెట్టండి. 1990ల విండోస్ 3.0తో సాలిటేర్ ఆట వచ్చింది. మౌస్‌తో పట్టుకొని, లాగి, వదలడం ఆ ఆటతోనే అలవాటైతది. డబుల్ క్లిక్ కుదరట్లేదా? ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి, సరిపోతది.

మూడు, వాళ్లకు కావల్సిన పనే ముందు నేర్పండి. బొంబాయికి పనికి పోయిన కొడుకుతోని వీడియో కాల్ మాట్లాడుడు అమ్మకు కావాలె, ఎక్సెల్ షీట్ కాదు. రోజుకు ఒక్క పని చాలు. తెల్లారి మీ సాయం లేకుండా చేయమనండి.

నాలుగు, చదువు రాదని వదిలేయకండి. 2000ల ఉమ్మడి మెదక్ జిల్లా బీరంగూడలో టీసీఎస్ కంప్యూటర్‌తో పెద్దలకు తెలుగు చదువుడు నేర్పింది. ఎఫ్.సి. కోహ్లీ ఆలోచన అది. ఓనమాలతో కాకుండా వాళ్లకు తెలిసిన మాటలతో, బొమ్మలతో మొదలుపెట్టిన్రు. టైపింగ్ కష్టమైతే మైక్ గుర్తు చూపించండి. తెలుగుల మాట్లాడితే గూగుల్ కీబోర్డు 2017 నుంచి రాస్తనే ఉంది.

ఇగ ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైంది. పైసలు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనే లేదు. ఎవరన్న "పిన్ కొట్టు, పైసలొస్తయి" అంటే అది మోసమే. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఈ నంబర్ వాళ్ల ఫోన్ల సేవ్ చేయండి. పిన్ మీకు కూడా చెప్పొద్దని మీరే వాళ్లకు చెప్పండి. రేపు మీరు ఇంట్ల లేనప్పుడు వాళ్ల పైసలను కాపాడేది ఆ అలవాటే.

ఈ ఆదివారం ఒక గంట, ఒక మనిషి, ఒక పని. చేసి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంట మరి!