ఆ చదరంలో ఎవరి పేరు?

(విద్యార్థుల పాట, వీడియో శిబిరంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'పాప్ మ్యూజిక్ వీడియో ఎలా తీయాలి' అని. ఏ ఫోన్‌తో తీయాలి, ఏ యాప్‌లో ఎడిట్ చేయాలి అనేవి నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ చివర కూర్చున్న డిగ్రీ తమ్ముళ్లు ఇంటర్‌లోనే రీళ్లు చేసి వచ్చినోళ్లు. అందుకని వాటి గురించి తక్కువ మాట్లాడతాను. పాట పూర్తయ్యాక దానికి ఒక బొమ్మ పెట్టాలి, ఆల్బమ్ కవర్ అంటాం. ఫోన్‌లో బొటనవేలి గోరంత కనబడే ఆ చదరపు బొమ్మ గురించే ఎక్కువ చెప్తాను. మా పాటకు మూడు నెలలు పట్టింది. అందులో దాదాపు ఒక నెల ఆ బొమ్మ దగ్గర కొట్లాడుకోవడానికే పోయింది.

ముందు ఒక ప్రశ్న. సీనియర్లు మమ్మల్ని అడిగారు, మిమ్మల్నీ అడుగుతారు. "మనకు డప్పు పాట ఉంది, ఉద్యమ పాట ఉంది, ఈ పాప్ ఎందుకు?" అని. పాప్ అంటే ఏంది? పెళ్లి బరాత్‌లో డీజే వేసేది, బస్సులో చెవిలో పెట్టుకుని వినేది, చిన్నపిల్లలు కూడా పట్టుకునేది. జలంధర్‌లో గిన్ని మాహి కాలేజీలో చదువుకుంటున్నప్పుడు తోటి విద్యార్థిని ఆమె కులం అడిగి, చమార్లు డేంజర్ కదా అన్నదట. ఆ మాటనే తీసుకుని 'డేంజర్ చమార్' పాట చేసి పంజాబీ పాప్‌లో నిలబడింది. చెన్నైలో 2017లో పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' మొదలుపెట్టారు. ఉత్తర చెన్నై వాడల్లో చావు ఇళ్ల దగ్గర పాడే గానా పాటను రాక్‌తో, ర్యాప్‌తో కలిపి పెద్ద వేదిక మీదికి తెచ్చారు. ఆ పేరు కూడా అయోతీ దాస్ ఆలోచనల నుంచి తీసుకున్నదే. ఇంకా వెనక్కి పోతే, మహారాష్ట్రలో భీమ్‌రావ్ కర్డక్ బృందం జనం ఎగబడి చూసే తమాషా పద్ధతినే తీసుకుని అంబేద్కరీ జల్సా చేసింది. ఆ రోజుల్లో అదే పాప్.

ఇక మా పాట. మేం ఏడుగురం. పాట రాసింది ఎం.ఏ. తెలుగు చదివే చెల్లె. ఊరి నుంచి ఇనుప పెట్టె పట్టుకుని మొదటిసారి హాస్టల్‌కి వచ్చిన పిల్ల, ఆ పెట్టె మూత తెరవడం గురించి పాట. సరదా పాట, కాలు ఆడుతది. మొదటి డెమో విన్న ఒక పెద్దమనిషి, మన మంచి కోరేవాడే, "బాగుంది గానీ ఇందులో బాధ ఎక్కడుంది?" అని అడిగాడు. మేం ముఖముఖాలు చూసుకున్నాం. మనం పాడితే ఏడుపు ఉండాల్సిందే అనే లెక్క ఒకటుంది. ఆ లెక్కలో మన స్నేహితులు కూడా ఉంటారు, గుర్తుపెట్టుకోండి. చెల్లె పాటలో ఒక్క అక్షరం మార్చలేదు.

డప్పు మాత్రం నిజంగా కావాలనుకున్నాం. కంప్యూటర్‌లో దొరికే శాంపిల్ వద్దనుకున్నాం. మా ఊళ్లో నాకు పెదనాన్న వరస అయ్యే ఒకాయన వాయిస్తాడు, నల్గొండ జిల్లా మాది. ఆయన్ని హాస్టల్‌కి తీసుకొచ్చాం. గది గోడలకు దుప్పట్లు కట్టాం, కిటికీకి పరుపు ఆనించాం. తీరా చూస్తే డప్పు కాయాలి కదా! తోలు వేడెక్కితేనే మోత లేస్తది, చల్లబడితే మెత్తబడి గొంతు దిగిపోతది. ఊళ్లో అయితే గడ్డి మంట వేస్తారు. హాస్టల్ గదిలో మంట వేస్తే వార్డెన్ మమ్మల్నే కాలుస్తాడు. మెస్‌లో వంట చేసే అక్క పుణ్యమాని పొయ్యి దొరికింది. రెండు టేకులు, మళ్లీ మెస్ దాకా పరుగు. మళ్లీ రెండు టేకులు. ఒకసారి కాచినప్పుడూ ఇంకోసారి కాచినప్పుడూ శ్రుతి ఒక్కలా ఉండదు, అతికిస్తే తెలిసిపోతది. ఎడిట్ చేసే తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. చివరికి ఒకే కాపులో వచ్చిన రెండు నిమిషాల ముక్క తీసుకుని, దాని చుట్టూ మిగతా పాట కట్టుకున్నాడు. అంటే పాట వేగం ఎంతుండాలో పెదనాన్న చేతిలో సిర్ర నిర్ణయించింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పెదనాన్న కొడుకు, నాకు అన్న, ఈ పనికి అస్సలు ఒప్పుకోలేదు. "చావుకు రమ్మని, జాతరకు రమ్మని పిలిచి ఓ మూల నిలబెడితే, ఎంత కష్టపడి మాన్పించిన్నో నీకు తెలుసా? నువ్వు చదువుకుని మళ్లా అదే డప్పు మెడలో ఏస్తవా?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. వెట్టిగా వాయించం అన్నందుకు మన వాళ్లు దెబ్బలు తిన్న ఊళ్లున్నాయి. అదే డప్పును 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఉద్యమం జెండాలాగా ఎత్తింది. ఈ రెండూ మన చరిత్రే. నేను అన్నతో వాదించలేదు, పెదనాన్ననే అడగమన్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఇది ఎవల కోసం కొట్టాలె బిడ్డా?" "మన పిల్ల హాస్టల్‌కి పోతున్నది పెదనాన్నా, ఆమె కోసం" అన్నాను. "అయితే కొడత" అన్నాడు.

వీడియో సంగతి త్వరగా చెప్పేస్తా. షూటింగ్ అనేసరికి వాడలో అందరూ ఉతికిన బట్టలు, కొత్త చీరలు కట్టుకుని వచ్చారు. ఒకామె ఇంటి ముందు కడిగి ముగ్గేసింది. కెమెరా పట్టిన నగరం మిత్రుడు, మంచివాడే, "కాస్త సహజంగా ఉంటే బాగుండు, మామూలు బట్టల్లో రమ్మంటారా" అన్నాడు. మేం వద్దన్నాం. కొత్త చీర కట్టుకుని నిలబడటం ఆమెకు సహజమే. బాబాసాహెబ్ సూటు ఎందుకు వేసుకున్నాడో మనకెవరూ చెప్పక్కర్లేదు. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వాళ్లు మొదటి కచేరీకి సూట్లు వేసుకుని ఎక్కిందీ ఊరికే కాదు.

ఇప్పుడు కవర్. మొదట మూడు నమూనాలు వచ్చాయి. ఒకటి బాబాసాహెబ్ విగ్రహం. రెండోది డప్పు ఒక్కటే. మూడోది పాడిన చెల్లె ముఖం. అప్పుడు 2024 ఆగస్టు నడుస్తోంది. ఒకటో తారీఖున వర్గీకరణ మీద సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు వచ్చింది. మా ఏడుగురిలో మాలలున్నారు, మాదిగలున్నారు. పైకి ఎవరూ ఏమీ అనలేదు గానీ వాట్సాప్ గ్రూపులో వారం రోజులు శ్మశాన నిశ్శబ్దం. డప్పు ఒక్కటే పెడితే అది ఫలానా వాళ్ల పాట అంటారని ఒకరికి, డప్పు తీసేస్తే పెదనాన్నను తీసేసినట్టేనని ఇంకొకరికి. విగ్రహం పెడితే ఏప్రిల్ 14కి విడుదల చేసే పాట అనుకుంటారని, మామూలు రోజుల్లో ఎవరూ వినరని మూడో వాదన. చెల్లె ముఖం పెట్టడానికి వాళ్ల నాన్న భయపడ్డాడు. మన ఆడపిల్ల ముఖం కింద కామెంట్లలో ఏం రాస్తారో నేను చెప్పక్కర్లేదు. ఆమెనే అడిగాం. "వీడియోలో నా ముఖం ఉంటది, దానికి నేను భయపడను. కానీ కవర్ మీద నా ఒక్కదాని ముఖం ఉంటే అది నా ఒక్కదాని పాట అయితది" అన్నది. ఆ మాటతో మూడో నమూనా పోయింది.

కెండ్రిక్ లామార్ 2015 ఆల్బమ్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' కవర్ చూడండి. వైట్‌హౌస్ ముందు నల్లజాతి మగవాళ్లు, పిల్లలు గుంపుగా ఉంటారు, వాళ్ల కాళ్ల దగ్గర ఒక జడ్జి పడి ఉంటాడు. అంత పెద్ద గాయకుడు తన కవర్ మీద గుంపులో ఒకడిగా ఉన్నాడు. మేం ఆ బొమ్మ ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాం.

చివరికి దారి పాటలోనే దొరికింది. ఇనుప పెట్టె. మూత తెరిచి పైనుంచి ఫొటో తీశాం. లోపల పుస్తకాలు, ఆవకాయ సీసా, తువ్వాల. మూత లోపలివైపు బాబాసాహెబ్ ఫొటో, మనలో చాలామంది పెట్టెల్లో ఉండేదే. పెట్టె అంచుకు ఆనించి డప్పు. హాస్టల్‌కి పోయే పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరూ ఊరూ రాయిస్తాం కదా, అట్లా మూత అంచు మీద పాట పేరు, కింద ఎనిమిది పేర్లు. మేం ఏడుగురం, పెదనాన్న. బొమ్మ అందరికీ నచ్చింది. చానా రోజుల తర్వాత గ్రూపులో నవ్వుల ఎమోజీలు పడ్డాయి.

పాటను స్ట్రీమింగ్ యాపులకు చేర్చే సర్వీసు ఒకటి ఉంటది, డబ్బు కట్టి అప్‌లోడ్ చేయాలి. 3000 పిక్సెళ్ల చదరంలో చేసి పంపాం. రెండ్రోజుల్లో తిప్పి పంపారు. కవర్ మీద పాట పేరు, ఆర్టిస్టు పేరు తప్ప వేరే రాత ఉండకూడదట. ఫారంలో ఉన్న గడులు కూడా అంతే. ప్రధాన ఆర్టిస్టు, ఫీచరింగ్ ఆర్టిస్టు. మిగతా వాళ్లను లోపల క్రెడిట్ల గడిలో రాసుకోవచ్చు, చాలా యాపుల్లో రెండు మూడు సార్లు నొక్కితే తప్ప అది కనపడదు. క్యాసెట్ రోజుల్లో లోపలి మడత కాగితం మీద ఢోలక్ ఎవరు, కోరస్ ఎవరు, ఏ స్టూడియో అని చిన్న అక్షరాల్లోనైనా ఉండేది. టెక్నాలజీ పెరిగి ఆ కాగితం పోయింది.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు అరివు సంగతి చెప్పాలి. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' మీరంతా ఎగిరిన పాటే. పాడింది దీ, అరివు. సంగీతం సంతోష్ నారాయణన్. రాసింది అరివు. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చి, గజం భూమి లేకుండా మిగిలిన తన అమ్మమ్మ వల్లియమ్మాళ్ బతుకు అందులో ఉంది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం వేసింది. దీ ఉంది, వేరే పాట పాడిన ఇంకో గాయకుడు ఉన్నాడు, అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు, గొడవ పెద్దదైంది, తర్వాత ఆ పత్రిక అరివుతో వేరే డిజిటల్ కవర్ వేసింది. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద అదే పాట అరివు లేకుండా వినిపించింది. పాట ఎవరిదనే గొడవ మళ్లీ లేచింది. ఎవరెవరు ఎంత చేశారన్న మాటలు సోషల్ మీడియాలో రెండు వైపులా నడిచాయి, వాటిని నేను తీర్చలేను. నాకు కనపడేది ఇది: భూమి లేని అమ్మమ్మ గురించి రాసినవాడికి, ఆ పాట కవర్ మీద గజం చోటు కోసం ఊరంతా కొట్లాడాల్సి వచ్చింది.

మేం ఏం చేశామంటే, మళ్లీ కూర్చున్నాం. ఇద్దరు అసలు అప్‌లోడే వద్దన్నారు, యూట్యూబ్ చాలన్నారు. మిగతావాళ్లం ఒప్పించాం. ప్రధాన ఆర్టిస్టుగా చెల్లె, ఫీచరింగ్ గడిలో పెదనాన్న. అప్పుడు కవర్ మీద ఆయన పేరు రాసినా వాళ్లు తిప్పి పంపడానికి లేదు. యాపుల్లో పెట్టిన చదరంలో ఆ రెండు పేర్లే ఉంటాయి. ఎనిమిది పేర్లున్న మొత్తం పెట్టె యూట్యూబ్ వీడియో మొదటి ఫ్రేమ్‌లో ఉంటది, మేం అచ్చు వేయించిన పోస్టర్ మీద ఉంటది. దీన్ని గెలుపని అనను. పాటకు ట్యూన్ కట్టిన తమ్ముడి పేరు చదరంలో లేదు, ఆ బాధ అతనికింకా ఉంది.

పెదనాన్నకు ఫోన్ చేసి నీ పేరు పెడుతున్నాం అంటే, "నా పేరెందుకు బిడ్డా, డప్పు ఇనబడుతలే?" అన్నాడు. కాసేపాగి, "పెడితే తప్పులు లేకుంట పెట్టు. రేషన్ కార్డుల తప్పు పడ్డది, ఇప్పటిదాక దిద్దలే" అన్నాడు. పోస్టర్ ఊరికి పంపితే, డప్పు వద్దన్న అన్ననే దాన్ని గోడకు అంటించాడట. ఎందుకని నేను అడగలేదు.

చట్టం సంగతి ఒక్క ముక్క. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలతో పాట రాసినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా హక్కు గట్టిపడింది. 38బి సెక్షన్ చేరింది. దాని ప్రకారం ప్రదర్శకుడికి, అంటే డప్పు వాయించినాయనకు కూడా, ఈ ప్రదర్శన నాది అని గుర్తింపు అడిగే హక్కుంది. వాడుక పద్ధతిని బట్టి మినహాయింపు కూడా అందులోనే పెట్టారు, అదొక సందు. ఉన్న హక్కు ఉన్నట్టు మన జానపద కళాకారులకు ఎవరు చెప్పారు? వాళ్ల గొంతులు, వాయిద్యాలు రికార్డు చేసుకుని, వంద రూపాయలు చేతిలో పెట్టి, 'సంప్రదాయం' అని రాసుకుని పోయిన వాళ్ల పాటలు నా పరిశోధనలో ఎన్ని తగిలాయో చెప్తే ఈ పూట చాలదు.

అందుకే ఒక కాగితం. రికార్డింగ్‌కి ముందే రాయండి, తర్వాత కాదు. ఎవరు రాశారు, ఎవరు ట్యూన్ కట్టారు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, బొమ్మ ఎవరిది, ఫొటో ఎవరిది. పేరు ఎట్లా రాయాలో వాళ్లనే అడగండి, ఇంటిపేరు కావాలా వద్దా, ఊరు కావాలా వద్దా. డబ్బు వస్తే ఎట్లా పంచుకోవాలో కూడా ఇప్పుడే రాయండి. పైసా రాకపోవచ్చు, మాకు ఇప్పటిదాకా వచ్చింది మెస్ బిల్లు కూడా కాదు. అయినా రాయండి. చదువు రాని పెద్దవాళ్లుంటే చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి, ఒక కాపీ వాళ్ల చేతిలో పెట్టండి.

భోజనాల తర్వాత మీరు నాలుగు గుంపులుగా కూర్చుంటారు. తెల్ల కాగితాలు ఆ బల్ల మీద పెట్టాను. కెమెరా బ్యాగులు తెరిచే ముందు తలా ఒకటి తీసుకోండి. మెస్‌లో వంట చేసే అక్క పేరు మా కాగితంలో ఉంది, పొయ్యి ఇచ్చినందుకు. మీ దగ్గర అట్లాంటి వాళ్లెవరో చూసుకోండి.

జై భీమ్.