మోటారు సైకిలు పక్క స్టాండు వదులైతే



ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకు కందెన వేయటం, కడచీల సరిగా ఉన్నదో లేదో చూసుకోవటం మన పెద్దలకు అలవాటు. ఇప్పుడు ఆ బండి చేసిన పనిలో చాలా భాగం మోటారు సైకిలు చేస్తున్నది. పాలక్యాను, ఎరువు బస్తా, పచ్చగడ్డి మోపు, మందుకొట్టే పంపు - అన్నీ దానిమీదనే. దాని పక్క స్టాండుకు కూడా ఒక చిన్న ఇరుసు ఉన్నది. దానికీ కందెన కావాలి. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

బండి చట్రానికి ఒక ఇనుప చెవి అతికి ఉంటుంది. పక్క స్టాండు పైకొన ఆ చెవిలో ఒక బోల్టు మీద తిరుగుతుంది. ఆ బోల్టే ఇరుసు. స్టాండును పైకి మడిచినప్పుడు జారిపోకుండా పట్టి ఉంచేది స్ప్రింగు. పొలం బాటల్లో తిరిగేటప్పుడు బురద, దుమ్ము ఈ కీలులో చేరి, ఆకురాయి మాదిరిగా బోల్టునూ బెజ్జాన్నీ అరగదీస్తాయి. గుండ్రని బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నట్టు వదులవుతుంది. స్టాండు లొడలొడలాడుతుంది.

"కొంచెం లొడలొడలాడితే ఏం పోయింది? బండి నిలబడుతూనే ఉన్నది గదా!" అని మీరు అడగవచ్చు. ఒక లెక్క చూడండి. చెవిలో స్టాండుకు ఉన్న పట్టు 2.5 సెంటీమీటర్లు, స్టాండు పొడవు 25 సెంటీమీటర్లు అనుకుందాం. పైన అర మిల్లీమీటరు వదులుంటే, కింద పాదం దగ్గర అది 10 రెట్లయి 5 మిల్లీమీటర్లు అవుతుంది. బండి ఆ మేరకు ఎడమకు వాలుతుంది. వాలినకొద్దీ స్టాండు మీద బరువు పెరుగుతుంది. బరువు పెరిగినకొద్దీ బెజ్జం ఇంకా అరుగుతుంది. కావున ఇది తనంతట తాను నయమయ్యే జబ్బు కాదు.

దీనివల్ల ప్రమాదాలు రెండు. మొదటిది, నిలిపిన బండి పడిపోవటం. నూరు కిలోలకు పైబడిన బండి వాకిట్లో ఆడుకునే పసిపిల్ల మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. రెండవది, నడిచే బండిలో స్టాండు కిందికి జారటం. ఎడమ మలుపులో బండి ఎడమకే వాలుతుంది. అప్పుడు జారిన స్టాండు నేలకు తగిలి బండిని ఎత్తి పడవేయగలదు. ఈమధ్య వచ్చిన బండ్లలో చాలావాటికి, స్టాండు దించి ఉండగా గేరు వేస్తే ఇంజను ఆగిపోయే స్విచ్చి ఉంటుంది. అది మంచిదే. కాని స్టాండు ఊగిసలాడుతుంటే ఆ స్విచ్చి దారి మధ్యలో ఇంజనును ఆపినా ఆపవచ్చు.

మరి పరీక్ష ఎట్లా? బండిని చదును నేల మీద నడిమి స్టాండు వేసి నిలపండి. అది లేని బండిని ఒకరు గట్టిగా పట్టుకోవాలి. కీలును కిరసనాయిలుతో కడిగి తుడవండి. స్టాండును సగం దించి, కొన పట్టుకొని ముందుకూ వెనుకకూ, లోపలికీ బయటికీ కదిపి చూడండి. తిరిగే వస్తువు గనుక కొద్దిపాటి కదలిక ఉంటుంది. టకటకమని చప్పుడు చేస్తే అరుగుదల వచ్చిందన్న మాట. చెవి అతుకు దగ్గర సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. స్టాండును మడిచి వదిలితే చురుకుగా పైకి పోయి అక్కడే నిలవాలి. అట్లా నిలవకపోతే స్ప్రింగు నీరసించినట్లు.

నట్టు మాత్రమే వదులైతే మన పానాలతోనే సరిచేసుకోవచ్చు. చాలా బండ్లలో బోల్టు చెవిలోకి మర బిగుస్తుంది, వెనుక నట్టు దానికి కాపలా. ముందు బోల్టును స్టాండు తేలికగా తిరిగేటంత బిగించి, దానిని ఒక పానాతో కదలకుండా పట్టుకొని, రెండో పానాతో నట్టు బిగించాలి. మరీ బిగిస్తే చెవి స్టాండును నొక్కివేస్తుంది. అప్పుడు స్ప్రింగు దానిని పైకి లాగలేదు.

బోల్టు అరిగితే ఆ బండికి తగిన బోల్టే వేయాలి. పెట్టెలో దొరికిన బోల్టు వేయకండి. నున్నగా ఉండవలసిన చోట మర వస్తే, ఆ మరే బెజ్జాన్ని కోస్తుంది. బెజ్జం సాగితే లేతు దగ్గర బుష్షు వేయించాలి, లేదా స్టాండు మార్చాలి. చెవి పగిలితే వెల్డింగు తెలిసినవాని పని. పెట్రోలు ట్యాంకు దింపించి, బ్యాటరీ తీగలు విప్పించిన తరువాతనే వెల్డింగు చేయించండి.

స్ప్రింగు తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఎగిరి తగులుతుంది. ఒక ఉపాయం ఉన్నది. అది సాగి ఉన్నప్పుడు చుట్టల మధ్య సన్నని వాషర్లు దూర్చి, తరువాత స్టాండు మడిస్తే, స్ప్రింగు ముడుచుకోక సులువుగా వస్తుంది.

ఇక వాడకం సంగతి. పక్క స్టాండు మీద నిలిపిన బండిపై కూర్చోవద్దు. చెవి వంగేది ముఖ్యంగా అందువల్లనే. పాలక్యాన్లు, బస్తాలు నడిమి స్టాండు మీద ఉంచి, రెండు వైపులా సమంగా ఎత్తండి. మెత్తని నేలలో స్టాండు పాదం కింద చదునైన రాయి పెట్టండి. వాలులో నిలిపేటప్పుడు ముందు చక్రం మిట్టవైపు ఉంచి, గేరు వేయండి. స్టాండు వెనుకకు మడిచేది గనుక, బండి ముందుకు జారితే అది ముడుచుకుపోతుంది. బురదలో తిరిగి బండి కడిగినప్పుడల్లా కీలుకు కాస్త గ్రీసు పూయండి.

గ్రామాలు తిరిగే విస్తరణ సిబ్బందికి కూడా ఒక మనవి. స్ప్రేయరు, నాగలి సంగతి చెప్పేటప్పుడు ఈ మాట కూడా రైతు చెవిన వేయండి. ముందుగా మీ బండి స్టాండు కదిపి చూసుకోండి. రేపు ఉదయం పాలకు బయలుదేరే ముందు, సోదరులారా, మీరు కూడా ఒక్కసారి వంగి చూడండి.

సెలవు.