భయానికి వైద్యమున్నది
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకొంటున్నాము. బి.పి., షుగరు పరీక్షలకు శిబిరాలు కూడా పెడుతున్నాము. ఐతే మన ఇళ్లలో అందరికీ తెలిసి కూడా ఎవ్వరూ పైకి చెప్పని జబ్బు ఒకటున్నది. అది భయం. దాన్ని గురించి, దానికి వచ్చిన ఒక కొత్త చికిత్స గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. మేము డాక్టర్లం కాము. చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి తెలుసుకొన్న సంగతులే చెబుతున్నాము.

మా చాచా ఒకరున్నారు. ఆయన అనుమతి తీసుకొనే ఈ విషయం చెబుతున్నాము. ముప్పయి ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఘాట్ రోడ్డులో అర్ధరాత్రి బండి ఆగిపోతే తెల్లవారేదాకా ఒంటరిగా కూర్చున్న మనిషి. కొడుకు దమ్మాంలో ఉద్యోగం. అక్కడ మనుమడు పుట్టినాడని టిక్కెట్టు పంపించినాడు. చాచా శంషాబాద్ విమానాశ్రయం దాకా వచ్చి, లోపలికి పోయే ద్వారం దగ్గర చెమటలు పట్టి, గుండె దడదడలాడి, వెనక్కి తిరిగి వచ్చేసినారు. గుండెకు పరీక్షలు చేయించితే బాగానే ఉన్నదన్నారు. రెండోసారి టిక్కెట్టు కొన్నప్పుడు ఇంట్లోంచే కదలలేదు. "మగవాడివి, ఈ పిరికితనమేమిటి?" అని మేమే అన్నాము. అన్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాము.

భయం అందరికీ ఉంటుంది. పామును చూసి అడుగు వెనక్కి వేయటం జబ్బు కాదు. కాని అంత ప్రమాదం లేని చోట కూడా గుండె అదిరిపోయి, ఆ భయం వల్ల పని, ప్రయాణం, బంధుత్వం ఆగిపోతే దానికి వైద్యం చేయించాలి. కొందరికి లిఫ్టు, కొందరికి ఎత్తు, కొందరికి నలుగురిలో మాట్లాడటం. ఇందులో ఒక మెలిక ఉన్నది. తప్పించుకొన్న ప్రతిసారీ మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే భయానికి తిండి. "తప్పుకొన్నాను కనుకనే బతికినాను" అని మనసు నేర్చుకొంటుంది. అందుచేత తిట్టినా పోదు, దాచిపెట్టినా పోదు.

మరి ఎట్లా పోతుంది? మెట్టు మెట్టుగా దగ్గరకు పోవటం వల్ల పోతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు 1958లో వెలువరించిన పుస్తకంలో ఇటువంటి పద్ధతిని వివరించినాడు. తక్కువ భయం కలిగించేది మొదట, ఎక్కువ భయం కలిగించేది చివర పెట్టి ఒక నిచ్చెన తయారుచేస్తారు. ఒక మెట్టు మీద మనసు కుదుటపడిన తరువాతే రెండో మెట్టు. బావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లవాణ్ణి నడిమధ్యకు విసిరేయము కదండీ, మెట్ల మీదనే మొదలుపెడతాము.

ఐతే విమానం భయమున్న మనిషికి ఆ నిచ్చెన ఎక్కడి నుంచి తేవాలి? వారం వారం విమానం ఎక్కించటానికి ఎవరి దగ్గర డబ్బున్నది? ఇక్కడే వర్చువల్ రియాలిటీ అనే సాధనం ఉపయోగానికి వచ్చింది. ఇవి లావుపాటి కళ్లద్దాల వంటివి. లోపల ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ కనిపిస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది. డాక్టరు గదిలో కుర్చీలో కూర్చున్న మనిషికి విమానంలో కిటికీ పక్క సీటులో కూర్చున్నట్లే ఉంటుంది. ఇది బొమ్మేనని తెలుసు, ఐనా గుండె కొట్టుకొంటుంది. ఆ కొట్టుకోవటమే వైద్యానికి పనికివస్తుంది. "మీ భయం సున్నా నుంచి నూటి వరకు ఎంత?" అని డాక్టరు అడుగుతూ ఉంటాడు. ఎక్కువైతే దృశ్యాన్ని ఆపుతాడు, కుదుటపడితే ముందుకు నడుపుతాడు. అవసరమైతే ఒకే రోజు పదిసార్లు విమానం లేస్తుంది, పదిసార్లు దిగుతుంది. టిక్కెట్టు ఖర్చు లేదు.

అమెరికాలోని అట్లాంటాలో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్, వారి సహచరులు ఎత్తంటే భయపడే 20 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన పరిశోధన 1995లో అచ్చయింది. కళ్లద్దాలలో వంతెనలు, బాల్కనీలు, అద్దాల లిఫ్టు చూపించినారు. చికిత్స పొందినవారికి భయం బాగా తగ్గింది. వరుసలో వేచి ఉన్నవారికి తగ్గలేదు. విమానం భయం మీద వారి పరిశోధన 2000లో వచ్చింది. కొందరిని నిజమైన విమానం దగ్గరకు తీసుకొనిపోయినారు, కొందరికి కళ్లద్దాలలో చూపించినారు. రెండింటి ఫలితమూ సమానంగానే వచ్చింది. ఆరు నెలల తరువాత చూసినా ఆ గుణం నిలిచే ఉన్నది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం ఎత్తు భయమున్న 100 మందితో చేసిన పరిశోధన 2018లో ప్రకటించింది. అందులో ధైర్యం చెప్పి నడిపించేది కూడా కళ్లద్దాలలోని బొమ్మ మనిషే. అయినా ఎక్కువమందికి మేలు జరిగింది.

ఇదేదో మంత్రమని మాత్రం అనుకోవద్దు. కొందరికి ఆ కళ్లద్దాలతో తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. మూర్ఛ ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆటలకోసం అమ్మే కళ్లద్దాలు కొని ఇంట్లో పెట్టుకొంటే అది వైద్యం కాదు. దగ్గర ఉండి నడిపించేవారు గాని, వైద్యులు తయారుచేసిన పద్ధతి గాని ఉండాలి. ఈ సాధనం ప్రతి ఊళ్లోనూ దొరకదు. దొరకని చోట నిచ్చెన మాత్రం ఉన్నది. ముందు విమానం వీడియో చూడటం, తరువాత విమానాశ్రయం బయట కాసేపు నిలబడటం, ఆ తరువాత ఒక చిన్న ప్రయాణం. కళ్లద్దాలు చేసేదీ ఈ పనే, గదిలోనే చేస్తాయి, అంతే.

తల్లులకు ఒక మాట. "మా అమ్మాయికి ఇట్లాంటిది ఉన్నదని తెలిస్తే సంబంధాలు రావు" అని మీరు భయపడతారు. మానసిక వైద్యం వివరాలను రహస్యంగా ఉంచాలని కోరే హక్కు 2017 నాటి చట్టం రోగికి ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మనోవైద్యులున్నారు. ఎర్రగడ్డలో దీనికోసమే ఆసుపత్రి ఉన్నది. మొదట ఎక్కడ అడగాలో తెలియనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు. కామెర్లు వచ్చినవాణ్ణి "పసుపుపచ్చగా ఎందుకున్నావు?" అని తిట్టము. భయం జబ్బైన మనిషినీ తిట్టవద్దు.

మా చాచా ఈ సభలోనే ఉన్నారు. మనుమణ్ణి ఇంతవరకు ఫోనులోనే చూసినారు. మొన్న మేము తప్పు ఒప్పుకొని, ఈ సంగతులన్నీ చెప్పినాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పిరికివాణ్ణి కాదంటావు, అయితే పోదాం పద" అన్నారు. వచ్చే సోమవారం డాక్టరు దగ్గరకు పోతున్నాము. ఆయన ఎక్కేది మొదటి మెట్టు. వెంట మేమూ ఉంటాము. మీ ఇంట్లో కూడా ఇట్లాంటివారుంటే, వారిని ఒంటరిగా పంపవద్దని వేడుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.