రాచపుండు - కిరణచికిత్స



మా నాయుడుపేట ప్రాంతమున క్యాన్సరు వ్యాధిని ఇప్పటికిని పెద్దలు రాచపుండని వ్యవహరింతురు. దానికి ఆస్పత్రులలో చేయు కిరణచికిత్సను "కరెంటు పెట్టుట" యందురు. ఈ మాటలు వినబడగానే ఇంటిల్లిపాదియు దిగులుపడుట నేనెరుగుదును. రోగమునకంటె చికిత్సకే హెచ్చుగా భయపడువారును కలరు. ఆ భయములో నిజమెంత, అపోహ యెంత యని విన్నవించుటయే నా యుద్దేశము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహితయందు అర్బుదమను పేర, గుండ్రముగా, కదలక, మెల్లమెల్లగా పెరుగు గడ్డ వర్ణింపబడినది. దాని మూలమును నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన దేహము సుమారు 30 లక్షల కోట్ల జీవకణముల సముదాయము. కణము ఎప్పుడు రెండుగా చీలవలెనో, ఎప్పుడాగవలెనో, ఎప్పుడు నశింపవలెనో తెలుపు శాసనమొకటి దానిలోనే కలదు. దానిని డి.ఎన్.ఏ. యందురు. పొగాకు మొదలగువానిచే ఆ శాసనమున అక్షరములు చెడును. పెక్కుమారులు కణము తానే దిద్దుకొనును. దిద్దుకొనని తప్పులు ఏండ్ల తరబడి పోగుపడినచో, ఆగుట మరచి చీలుచునే యుండును. వరిమడిలో తుంగవలె పైరునకు చెందవలసిన సారమును హరించి, రక్తమార్గమున దూరపు అవయవములకును ప్రాకును. శ్రీకాకుళపు సీమలో చుట్టనిప్పును నోటిలోనికి త్రిప్పి అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట ఈ పుండు పుట్టుట వైద్యులెరిగినదే. రోగిని తాకుటచే గాని, కలసి భుజించుటచే గాని ఇది అంటదు.

ఇక కిరణముల సంగతి. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జన్ పండితుడు ఎక్స్ కిరణములను, 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఈ కిరణములును ఆ శాసనమునే త్రెంచును. కావున కొలత తప్పినచో ఇవియే రాచపుండును పుట్టింపగలవు. 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములపై అణుబాంబులు పడిన పిదప, బ్రతికినవారిలో కొన్ని యేండ్లకే రక్తక్యాన్సరు హెచ్చినది. కనుక భయము నిరాధారము కాదు.

మరి చంపు కిరణమే బ్రతికించుట యెట్లు? స్వర్ణముఖి వరదయై పొంగెనేని పొలములను ముంచును. తూముతో కొలిచి విడిచిన నీరు పంట పండించును. కిరణమును గ్రే యను ప్రమాణముతో కొలుతురు. 4, 5 గ్రేలు ఒక్కమారుగా దేహమంతటను పడినచో, చికిత్స లేనియెడల సుమారు సగముమంది మరణింతురు. నోటి క్యాన్సరునకు 60 మొదలు 70 గ్రేల వరకు నిత్తురు. కాని పుండున్న తావునకే, దినమునకు సుమారు 2 గ్రేల చొప్పున, వారమునకు 5 దినములుగా, ఆరేడు వారములు. మరునాటిలోపల మంచికణములు తమ గాయమును చాలవరకు మాన్పుకొనును. దుష్టకణములు అంత చక్కగా మాన్పుకొనలేవు. ఇట్లు బయటినుండి పంపిన కిరణము యంత్రమాగినంతనే పోవును, దేహమున నిలువదు. ఇంటికి వచ్చిన రోగి పసిబిడ్డను నిర్భయముగా ఎత్తుకొనవచ్చును.

మా వీధిలో ఒక రైతునకు, చిరకాలము పొగాకు నమలుటచే, బుగ్గ లోపల పుండు లేచినది. చికిత్స మొదలైన మూడవ వారమున నోరు పూచి, మెడచర్మము నల్లబడి, గంజియు మ్రింగుడుపడదాయెను. కరెంటు కాల్చివేయుచున్నదని బంధువులు ఇంటికి గొనివచ్చిరి. నోరు పూయుట ఈ చికిత్సలో వైద్యులెరిగిన బాధయే. ముగిసిన కొన్ని వారములకు చాలవరకు తగ్గును. నడుమ నాగా పెట్టినచో, మిగిలిన దుష్టకణములు మునుపటికంటె వేగముగ వృద్ధిపొందును. ఇరువది దినములకు అతనిని ఒప్పించి మరల పంపితిమి. ఏడాది తిరుగకమునుపే పుండు మరల తలయెత్తి, అతనిని తీసికొనిపోయినది. "అయ్యవారూ, ఆ ఇరవై దినాలూ మానకుండా ఉంటే ఆయన బతికుండునా?" అని అతని భార్య నన్నడిగినది. ఉండునని గాని, ఉండడని గాని యెవ్వరు చెప్పగలరు? ఆ ప్రశ్న మరియొక యింట పుట్టకుండ చూచుట మాత్రము మన చేతిలోనిది.

మనకు దిక్కు లేకపోలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు, తన చెల్లెలు ఈ వ్యాధికి బలియగుట చూచినవారు, 1954లో చెన్నపట్టణమున అడయారులో క్యాన్సరు ఆస్పత్రిని నెలకొల్పిరి. 2022లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు ఆస్పత్రి ప్రారంభమైనది. మా యూరికి రెండును ఒక్కపూట ప్రయాణమే.

రోగి ఆస్పత్రికి పోవుటయా, మానుటయా యని గ్రామమున తరచు నిర్ణయించునది పెద్దల మాటయే. నోటిలో మూడు వారములకు మానని పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని, రొమ్మున గడ్డ గాని, ముట్లుడిగిన పిదప రక్తస్రావము గాని కనబడినచో జాగు చేయనీయకుడు. అన్నియు క్యాన్సరులు కావు. అయినచో తొలిదశలో పెక్కు కుదురును. చికిత్స మొదలిడినవానిని బాధలు వైద్యునితో చెప్పుకొనుమనుడు. నడుమ మానుమని మాత్రము చెప్పకుడు. పొగాకు మానుమనుడు. ఇదియే నా మనవి.