పాత ల్యాప్‌టాప్ పోయింది, ఇప్పుడేం కొనాలి?
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము కంప్యూటరు పండితులము కామని మనవి చేసుకున్నాము. "పండితులు వద్దండీ, దెబ్బ తిన్నవాళ్ళు కావాలి" అన్నారు. ఆ అర్హత మాకు నిండుగా ఉన్నది గనుక ఒప్పుకున్నాము.

2025 జూన్‌లో మా ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మా పెద్దమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. దాని లెక్కల పాఠాలు, ప్రాజెక్టు, దరఖాస్తులు అన్నీ ఆ పెట్టెలోనే. చేతిలో ఉన్నది వాళ్ళమ్మ చీటీ ఎత్తిన పాతిక వేలు. అందులోనే చిన్నవాడి స్కూలు ఫీజు కూడా సర్దాలి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాము. యంత్రం నెమ్మదించినంత మాత్రాన అది పోయినట్టు కాదు. లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంటే దాన్ని తీయించి ఎస్ఎస్‌డి వేయిస్తే చాలా పాతవి మళ్ళీ లేచి నిలబడతాయి. బ్యాటరీ, కీబోర్డు, ఛార్జింగు పిన్ను మార్చుకోవచ్చు. కాని మదర్‌బోర్డు పోతే మాత్రం బాగుచేయించే ఖర్చు, యంత్రం విలువ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మాది మదర్‌బోర్డే. అందులో సందేహం లేదు, ఇద్దరికి చూపించాము.

సరే, కొనడానికి బయలుదేరాము. ఊరు పేరు, బజారు పేరు చెప్పము. ఒక దుకాణంలో నల్లగా నిగనిగలాడుతున్న యంత్రం చూపించి "ఐ7 ఉన్నది భాయ్, ఐ5 కాదు" అన్నాడు. ఐదు కన్న ఏడు పెద్దది కదా! మేము మురిసిపోయాము. పద్దెనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చాము. బిల్లు అడిగితే "మన మాటే బిల్లు" అన్నాడు. మొహమాటపడి ఊరుకున్నాము.

ఇంటికొచ్చాక ఛార్జరు తీస్తే ఇరవై అయిదు నిమిషాల్లో ఆరిపోయింది. నెల తిరక్కముందే మూత దగ్గర కీలు విరిగింది. అసలు దెబ్బ అక్టోబరులో. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారదామంటే ఈ యంత్రం అర్హం కాదని తెర మీద రాసింది. దుకాణానికి పోతే ఆ మాట ఇచ్చిన మనిషి మమ్మల్ని గుర్తుపట్టలేదు. మా పిల్ల నవంబరు పరీక్షల ముందు ప్రాజెక్టు మొత్తం సెల్‌ఫోన్ మీద బొటనవేళ్ళతో టైపు చేసింది. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. అని ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది.

సిగ్గుపడే సంగతి ఇంకొకటి. మా నాన్నగారు నాంపల్లి కోర్టుల దగ్గర టైపు పని చేసేవారు. వాడిన మిషను కొనేటప్పుడు కాగితం ఎక్కించి ప్రతి అక్షరం కొట్టి చూసేవారు. రిబ్బను చూసి, క్యారేజీ తోసి చూసి, గంట మోగితేనే డబ్బు తీసేవారు. మేమైనా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే మధ్యలో పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూస్తాము. నుమాయిష్‌లో దుప్పటి కొంటే పూర్తిగా విప్పి చూస్తాము. పద్దెనిమిది వేల వస్తువు మాత్రం మూత తెరిచి, మూసి, సంచిలో వేసుకుని వచ్చాము.

రెండోసారి పక్కింటి కుర్రవాణ్ణి వెంట తీసుకుని వెళ్ళాము. ఆ అబ్బాయి నేర్పిన విద్య ఇప్పుడు చెబుతాము.

ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒక తరంలో అన్నదమ్ములు. ముందు అడగవలసింది ఏ తరం అని. ఇంటెల్ ప్రాసెసరు పేరులో గీత తర్వాత వచ్చే అంకె చూడండి. మాకు అంటగట్టినది ఐ7-4600యు, అంటే నాలుగో తరం, 2013 నాటిది, రెండే కోర్లు. ఐ5-8250యు అయితే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. ఐ5-1135జి7లో మొదటి రెండంకెలు కలిపి పదకొండో తరం. ఎనిమిదో తరం, ఆపైన ఉన్న ఇంటెల్ కోర్ యంత్రాలే సాధారణంగా విండోస్ 11 జాబితాలో ఉన్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. దుకాణాల్లో కొందరు దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్ముతారు. అది నడుస్తుంది, కాని రేపు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. అంచేత తెర మీద విండోస్ 11 కనబడగానే సంతోషించకండి, లోపలి ప్రాసెసరు పేరు చదవండి. అంటించిన స్టిక్కరు చదవకండి, దాన్ని ఎవరైనా అంటించవచ్చు.

మన బడ్జెట్టులో కొత్తవి దొరకవా అంటే, దొరుకుతాయి. అయితే ఆ ధరలో వచ్చే కొత్తవాటిలో చాలావాటికి బలహీనమైన ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ ఉంటాయి. అవీ బోర్డుకే అతికించి ఉంటాయి, తర్వాత పెంచుకోలేము. మా మట్టుకు మాకు కంపెనీలు వాడి వదిలేసినవే మేలనిపించింది. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 వంటివి ఆఫీసుల కోసం గట్టిగా చేసినవి, మెమరీ మార్చుకోవచ్చు. ఇక్కడా ఒక తిరకాసు ఉంది: ఇవే మోడళ్ళు ఏడో తరంతో కూడా వచ్చాయి. మోడలు పేరు విని ఆగిపోకూడదు.

మెమరీ 8 జీబీ ఉండాలి. "ఇప్పుడు 4 తీసుకోండి, తర్వాత వేయించుకోవచ్చు" అంటే ఒప్పుకోకండి. ఎందుకంటే 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. కృత్రిమ మేధ నడిపే పెద్ద పెద్ద కేంద్రాలు వాటిని మూటలు కట్టుకుపోతుంటే ఆ సెగ నాంపల్లి దాకా తగిలింది.

ఇక దుకాణంలో అరగంట కూర్చోండి. వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ప్రతి మీటా నొక్కండి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి మచ్చలున్నాయేమో చూడండి. మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి కెమెరా, మైకు, స్పీకరు పనిచేస్తున్నాయో చూసుకోండి. ఛార్జింగు పిన్ను మెల్లిగా కదిపితే ఛార్జింగు ఆగిపోకూడదు. కీళ్ళ దగ్గర పగుళ్ళు చేత్తో తడిమి చూడండి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, జాగా విడిచి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఒక ఆజ్ఞ ఇస్తే బ్యాటరీ జాతకం మొత్తం వస్తుంది. పుట్టినప్పుడు 50,000 పట్టిన బ్యాటరీ ఇప్పుడు 20,000 పడుతుంటే నూటికి నలభై పాళ్ళే మిగిలిందన్నమాట. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

యంత్రాన్ని ఒకసారి ఆర్పి, బయోస్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ తాళం అడిగితే లేచి వచ్చేయండి. పాత కంపెనీ తాళం విప్పకుండా వదిలిందో, ఎవరి ఇంట్లోంచి ఎత్తుకొచ్చారో మనకేం తెలుసు? అడుగున ఉన్న సీరియల్ నంబరు, లోపల కనిపించే నంబరు ఒకటే కావాలి. ఆ నంబరుతో బిల్లు రాయించుకోవాలి. వారంటీ ఎన్ని నెలలో నోటితో కాదు, బిల్లు మీదే.

ఎక్కడికి పోవాలని అడుగుతున్నారు. ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ సెల్‌ఫోన్లకు ప్రసిద్ధి. ల్యాప్‌టాపులకైతే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వరసగా దుకాణాలు ఉంటాయి. నాంపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, పరేడ్ గ్రౌండ్ వైపు పోవచ్చు. మొదటి దుకాణంలో కొనవద్దు, నాలుగు ధరలు కాగితం మీద రాసుకోండి.

వాయిదాల మీద ఇస్తామంటారు. వడ్డీ లేదంటారు, కాని ప్రాసెసింగు ఫీజని ఒకటి కడతారు. మొత్తం కట్టేది ఎంతో కూడి చూసుకోండి. సంఘం నుంచి విద్యార్థులకు వడ్డీ లేని చేబదులు ఇచ్చే విషయం పెద్దలు ఆలోచించాలని ఈ సభా ముఖంగా అడుగుతున్నాము.

పాత నాలుగో తరం యంత్రం మాటేమిటి? ఆరు వేలకు అడిగారు, ఇవ్వలేదు. పక్కింటి అబ్బాయి అందులో ఉచితంగా దొరికే లినక్స్ వేశాడు. అది ఛార్జరు పెట్టుకుని చిన్నవాడి పాఠాలకు బాగానే నడుస్తోంది. మా అమ్మాయి కాలేజీ వాడే లెక్కల సాఫ్ట్‌వేరుకు విండోసే కావాలి గనుక దానికి మాత్రం ఎనిమిదో తరం లాటిట్యూడ్ కొన్నాము. ఇరవై ఒక్క వేలు అయింది. చీటీలో మిగిలింది పోగా మిగతాది అప్పు, ఇంకా రెండు నెలలు కట్టాలి.

మా అమ్మాయి ఆ లాటిట్యూడ్ తీసుకునే వచ్చింది. టీ విరామంలో వెనక బల్ల దగ్గర ఉంటుంది. బ్యాటరీ జాతకం ఎలా తీయాలో, ప్రాసెసరు పేరు ఎక్కడ చదవాలో చూపిస్తుంది. మీ ఇంట్లో ఉన్నవి కూడా తెచ్చుకున్నవారు ఛార్జర్లతో సహా అటు రండి. అక్కడ ప్లగ్గులు రెండే ఉన్నాయి, కాస్త వంతులవారీగా.