పగ్గములు చేతికిచ్చు వేళ



ఎద్దులు దారి నెఱుగునుగదా యని బండివాడు కునుకు తీయుట మనమెల్లరము చూచినదే. వాగు దాటవలసివచ్చినప్పు డతని నెవరు లేపుదురు? తనంత తాను నడచు మోటారుబండి విషయమునను ప్రశ్న యిదియే. అట్టి బండికి జర్మనీ దేశమున 2021వ సంవత్సరమున అనుమతి లభించినది. అయినను నిర్ణీతమైన హద్దులలోనే అది నడువగలదు. హద్దు ముగియగానే పగ్గములు మనుష్యుని కప్పగింపవలయును. ఆ యప్పగింతలోనే ప్రమాదమున్నది.

ఊరక కూర్చుండి కనిపెట్టుట సులభమని తలంతుము. అది పొరపాటు. 1948లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మాక్‌వర్త్, గడియారపు ముల్లు అరుదుగా రెట్టింపు దుముకుటను గుర్తింపుడని కొందరిని పరీక్షించెను. అర్ధగంటలోనే వారి జాగరూకత సన్నగిల్లెను. యంత్రము సులభమైన పని తాను గైకొని, కఠినమైనదానిని అభ్యాసము తప్పిన చేతులలో బెట్టునని 1983లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ హెచ్చరించెను.

ఆ హెచ్చరిక వ్యర్థము కాలేదు. 2009 జూన్ 1వ తేదీన అట్లాంటిక్ సముద్రముపై ఎయిర్ ఫ్రాన్సు విమానపు వేగమాపక నాళములు మంచుచే మూసికొనగా, స్వయంచాలక యంత్రము హఠాత్తుగా తప్పుకొనెను. చోదకులు పరిస్థితిని గ్రహింపజాలరైరి. 228 మంది మరణించిరి. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరమున, ప్రయోగదశలోని బండిని కాచుచుండవలసినవారి చూపు మరలియుండగా, దారి దాటుచున్న యొక స్త్రీ ప్రాణము గోల్పోయెను.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున 2020లో అంగీకరింపబడిన 157వ నిబంధన కొంత దారి చూపినది. చోదకుడు సిద్ధముగా నున్నాడో లేదో బండి కనిపెట్టుచుండవలెను. పిలిచిన పిదపను తానే నడుపుచుండవలెను. పదిసెకండ్లకును అతడు పలుకకున్నచో, హెచ్చరిక దీపములు వెలిగించి తానే నిలిచిపోవలెను. లెక్క వేయుడు: గంటకు 60 కిలోమీటర్ల వేగమున పదిసెకండ్లలో బండి సుమారు 167 మీటర్లు పోవును, 2022లో అంగీకరించిన 130 కిలోమీటర్ల గరిష్ఠవేగమున 361 మీటర్లు!

సోదరులారా! చక్రము చేతికందిన క్షణముననే నేరమును చేతికందునా? మేల్కొన్నవానికి దారి తెలియుటకు వ్యవధి కావలెను. అందుకొనువాడు నిలద్రొక్కుకొనువరకు అప్పగించువాడు చేయి విడువరాదు. అర్ధాంతరముగ విడిచి, “చోదకుడున్నాడు గదా” యని బండి చేసినవారు తప్పించుకొనుట ధర్మము కాదు. యంత్రమున కెంత బుద్ధి గఱపినను, ఈ మర్యాదను గఱపనంతకాలము అది మన నమ్మకమునకు పాత్రము గాజాలదు.